ప్యారిస్‌కి రెండో మనిషి

సెలూన్ ఆవిడ మొగుడి మెడ మీద కత్తి పెట్టి ప్యారిస్ టిక్కెట్లు లాక్కుందని వీధంతా ఒకటే గోల. మాట వీధి మొదట్లో బయల్దేరినప్పుడు కత్తి ఒక్కటే ఉంది. బేకరీ దాటేసరికి రక్తం చేరింది. మందుల షాపు దగ్గరికి వచ్చేసరికి కుట్లు పడ్డాయి. బస్టాపుకి చేరేటప్పటికి పాపం ఆయనకి మాట పడిపోయిందట, ఏం కావాలన్నా సైగలే చేస్తున్నాడట.

ఇందులో కత్తి నిజం. మెడా నిజమే. సెలూన్ ఆవిడ, ఆవిడ అత్తగారు కలిసి వచ్చే నెల విమానం ఎక్కబోతున్న మాటా నిజం. మిగిలిందంతా పనిలేనివాళ్లు పట్టించిన నురగ. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే ఎవరి నోరు ఎక్కడ కట్టేసుకోవాలో వాళ్లకే తెలుస్తుంది.

ఆ షాపు బోర్డు మీద ఏదో గొప్ప పేరే రాయించారు. ఎండకి వెలిసిపోయి చివరి అక్షరాలు మాత్రం మిగిలాయి. వీధిలో అందరికీ అది ‘అలాగే సెలూన్’. యజమాని నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే మరి. ఆయన తండ్రి చేతికి కత్తెర ఇచ్చిన రోజునే చెప్పాడట: “కుర్చీలో కూర్చున్నవాడు ఏమన్నా అలాగే అనరా. ఎదురు చెప్తే వాడికి కోపమొస్తుంది. కోపమొస్తే మెడ కదుల్తుంది. మెడ కదిలితే వాడికి గాటు, మనకి షాపు మూత.” ఆయన ఆ మాట చెవిన వేసుకోవడం కాదు, ఒంట్లో ఇంకించుకున్నాడు. కుర్చీలో ఒకాయన కూర్చుని ఈ ఏడు వానలు పడవంటే “అలాగే సార్” అంటాడు. ఆయన లేచి ఇంకొకాయన కూర్చుని ఈ ఏడు వరదలే అంటే “అలాగే సార్” అంటాడు. ఇద్దరూ గడ్డం తడుముకుంటూ సంతోషంగా పోతారు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ మాటని రాత్రికి షాపులో పెట్టి తాళం వేసి రాడు. ఇంటికి కూడా తెచ్చుకుంటాడు. పెళ్లయిన కొత్తలో సెలూన్ ఆవిడ తన అదృష్టానికి పొంగిపోయింది. సినిమాకి వెళదామా అంటే అలాగే. ఇల్లు మారదామా అంటే అలాగే. కొన్నాళ్లకి చూసుకుంటే ఆ సినిమా హాల్లోంచి వెళ్లిపోయింది, ఇల్లు మాత్రం అదే ఇల్లు. ఆయన కాదన్నదీ లేదు, పని అయిందీ లేదు. గొడవ పడదామన్నా పట్టుకోవడానికి అంచు దొరకని మనిషి. విసుగొచ్చి “అసలు మీకేం కావాలండీ?” అని అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

పోనుపోను ఆవిడకో కిటుకు తెలిసొచ్చింది. ఆయన అలాగే అన్నాడంటే అది ఖాళీ స్థలం లాంటిది, ముందెవరు గోడ కట్టుకుంటే వాళ్లది. అందుకని “షాపులో సగం నాకివ్వండి, ఆడవాళ్లకి కనుబొమలు తీస్తాను” అని అడిగి, ఆయన అలాగే అన్న మర్నాడే నిచ్చెన తెచ్చుకుని, తనే తీగ కట్టి, పూల తెర వేలాడదీసింది. తెరకి ఇవతల కత్తెర, అవతల దారం. రెండింటికీ మధ్యన, గల్లాపెట్టె ముందు ఎత్తు స్టూలు మీద అత్తగారు. డబ్బులు తీసుకునేదీ ఆవిడే, చిల్లర లేదనేదీ ఆవిడే. తెరకి రెండు వైపులా ఎవరెవరు ఏమేం మాట్లాడుకున్నారో పూర్తిగా తెలిసిందీ ఆవిడకే.

కనుబొమలు తీసేటప్పుడు దారం కొస పళ్ల మధ్య కరిచి పట్టుకోవాలి. అంటే పని నడుస్తున్నంతసేపూ వినడమే గానీ అనడానికి వీల్లేదు. అలా విని విని సెలూన్ ఆవిడ కడుపులో పడ్డ మాటలు బయటికి తీస్తే వీధికి సరిపడా ఉంటాయి.

తెర వెనక గోడ మీద, క్రీముల కంపెనీవాళ్లు ఎప్పుడో అంటించి పోయిన ప్యారిస్ బొమ్మ ఒకటి ఉంది. టవర్ ఎక్కడో వెనకాల పుల్లలా కనిపిస్తుంది. ముందంతా ఒక వీధి, ఫుట్‌పాత్ మీద కుర్చీలు, ఒక కుర్చీలో ఒకావిడ కప్పు ముందు పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. ఎవరూ ఆవిడ తల పట్టుకుని ఇటు తిప్పమ్మా, అటు తిప్పమ్మా అనడం లేదు. ఎప్పుడు లేస్తుందా అని వెనక బెంచీ మీద కాచుకున్నవాళ్లు లేరు. పొద్దుట్నుంచీ చీకటి పడేదాకా ఇంకొకళ్లు కూర్చున్న కుర్చీ వెనక నిలబడే మనిషికి టవర్ మీద ఏం ఆశ ఉంటుంది? కన్ను ఆ కుర్చీ మీదే పడింది. ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. ఆ సంగతి ఆవిడ ఎవరి దగ్గరా అనలేదు.

అలాంటి ఇంట్లోకి ప్యారిస్ దానంతట అదే నడిచొచ్చింది. గడ్డం నురగ అమ్మే కంపెనీవాళ్లు ఊళ్లో సెలూన్లన్నిటికీ లాటరీ పెడితే, ఈయన చీటీకి తగిలింది. కంపెనీ ఏజెంటు టై బిగించుకుని వచ్చి, షాపు ముందు నిలబడి ఫొటో దిగి, లోపలికొచ్చి ప్రకటించాడు.

“షాపు తరఫున ఇద్దరు! విమానం మాది, హోటల్ మాది, తిండి మాది. ఎవరా ఇద్దరన్నది మీ ఇష్టం. వచ్చే శుక్రవారం వస్తా, పేర్లు రెడీగా ఉంచండి.”

“అలాగే సార్.”

తెర వెనక దారం పుటుక్కున తెగింది. కుర్చీలో ఉన్నది మందుల షాపాయన కూతురు.

“ఏమైందాంటీ?”

“ఏం లేదమ్మా. నువ్వు కళ్లు మూసుకో.”

ఆ అమ్మాయి మూసుకుంది. సెలూన్ ఆవిడ కూడా కాసేపు మూసుకుంది.

ఇద్దరంటే ఇంకెవరు, మొగుడూ పెళ్లామే కదా అనుకుంది ఆవిడ. ఎవరైనా అదే అనుకుంటారు. అయినా నోటితో అడగాలి కదా. ఇంటికొచ్చాక ఆయన కాళ్లు కడుక్కున్నాడు, అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు. ఆవిడ కంచం తీయకుండా ఎదురుగా కూర్చుంది. “మనం వెళదాం” అనకపోయినా ఫర్వాలేదు, “వస్తావా” అన్నా చాలు. ఆయన కాసేపు పైకి చూశాడు, కిందికి చూశాడు, “బ్లేడ్లు అయిపోవచ్చాయి” అన్నాడు.

సరే, మొహమాటం, రేపంటాడు అనుకుని లేచింది.

మర్నాడు పొద్దున్నే, ఆయన షాపు తెరిచీ తెరవకముందే, రిటైరైన హెడ్మాస్టరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పాఠం చెప్పని రోజు ఉండదు. పిల్లలు లేకపోతే పెద్దవాళ్లకి, పెద్దవాళ్లు తప్పించుకుంటే గోడకి.

“ఏమయ్యా, ప్యారిస్ అంటే ఏమనుకున్నావ్? ఊరికే వెళ్లొచ్చే ఊరు కాదు. చదువుకుని వెళ్లాల్సిన ఊరు.”

“అలాగే మాస్టారూ.”

“అక్కడో పెద్ద మ్యూజియం ఉంది. తెలిసినవాడు పక్కన లేకపోతే నువ్వు లోపలికెళ్లి, చల్లగా ఉన్న చోట కాసేపు నిలబడి, బాత్‌రూమ్ చూసుకుని వచ్చేస్తావు.”

“అలాగే మాస్టారూ.”

“అందుకని నేనొస్తాను. రెండో పేరు నాది వేయి. ‘షాపు సలహాదారు’ అని రాయి, హుందాగా ఉంటుంది.”

“అలాగే మాస్టారూ.”

తెర వెనక దారం తెగలేదు గానీ అదుపు తప్పింది. టైలర్ భార్య ఆ పూట కుడి కనుబొమ నిండుగా, ఎడమ కనుబొమ సగంగా ఇంటికెళ్లింది.

ఆ మర్నాడు ప్లాట్ల బ్రోకరు వచ్చాడు. ఆయన ఊరి బయట తుమ్మలు కొట్టించి ‘మినీ ప్యారిస్’ అని వెంచరు వేశాడు. అక్కడ ఇప్పటికి గేటు ఒక్కటే లేచింది.

“అన్నా, బ్రోచర్లో టవర్ బొమ్మ వేయించా. జనం నమ్మట్లేదు. వాళ్లకి ఒరిజినల్ కావాలంట. టవర్ కింద నేను, నా చేతిలో మన వెంచర్ బోర్డు, ఒక్క ఫొటో. అంతే. తర్వాత నువ్వు ఎటు తిరుగుతావో నీ ఇష్టం.”

“అలాగే.”

“నన్ను షాపు పార్టనర్ అని రాసెయ్.”

“అలాగే.”

“నీ ప్లాటు ఎక్కడనుకున్నావ్? నది ఒడ్డున. నది తవ్విస్తున్నాం.”

“అలాగే.”

ఈసారి బలైంది బ్యాంకు మేనేజరు భార్య. ఆవిడకి రెండు కనుబొమలూ పెన్సిల్ గీతలయ్యాయి. ఇంటికెళ్లి అద్దంలో చూసుకుని, ఇది కొత్త ఫ్యాషనేమో అని నోరు మూసుకుంది.

వీళ్లు బయటివాళ్లు. సెలూన్ ఆవిడ కడుపు మండించింది ఇంటివాడే, సొంత తమ్ముడు. అతనికి ఉద్యోగం రావాల్సి ఉంది. వచ్చేలోపు అక్క ఇంట్లో భోజనం చేస్తుంటాడు. ఎక్కడ దొరికిందో గానీ మోకాళ్ల కింది దాకా వచ్చే ఉన్ని కోటు ఒకటి తొడుక్కుని, ఎండలో చెమటలు కక్కుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

“బావా, అక్కడ చలి. అలవాటు పడదామని ఇప్పట్నుంచే వేసుకున్నా.”

“అలాగే.”

“అక్కకి విమానం పడదు బావా. చిన్నప్పుడు ఉయ్యాల ఎక్కితేనే వాంతి చేసుకుంది. నేనైతే నీకు తోడుంటా, పెట్టెలు మోస్తా.”

“అలా...”

తెర విసురుగా పక్కకి పోయింది. సెలూన్ ఆవిడ పళ్ల మధ్య నుంచి దారం ఇంకా వేలాడుతోంది. దాన్ని ఊసేసి, “ఉయ్యాల్లో వాంతి చేసుకుంది నువ్వురా! నా ఒళ్లో!” అంది.

“అదేలే అక్కా. ఇద్దరం ఉన్నాం కదా ఉయ్యాల్లో. ఎవరైతేనేం.”

“నీ మొహం మండా. ఆ కోటు విప్పు ముందు, షాపంతా కంపు.”

తమ్ముడు కోటు విప్పలేదు. మొగుడు మాత్రం మధ్యలో తెగిన మాటని నెమ్మదిగా, పాడుచేయకుండా పూర్తి చేశాడు. “...గే.”

ఆవిడ తెర లాగేసుకుంది. ఆ వారం వీధిలో ఆడవాళ్లందరూ ఎవరో చెవిలో ఏదో వినకూడని మాట ఊదినట్టు మొహాలేసుకుని తిరిగారు. వాళ్లకి వింత వార్తేమీ తెలియలేదు, కనుబొమలు పైకి పోయాయంతే.

గిరాకీ లేని ఒక మధ్యాహ్నం అత్తగారు స్టూలు మీంచి తెర లోపలికి తొంగి చూసింది.

“ఏమ్మాయ్, వీధిలో ఆడవాళ్లందరి మొహాలూ కోడిగుడ్లు చేసి వదుల్తావా ఏంటి?”

“మీ అబ్బాయినడగండి అత్తయ్యా.”

“వాణ్నడిగితే ఏమంటాడో నీకు తెలీదా? నువ్వే నోరు తెరిచి నేనొస్తానని చెప్పొచ్చు కదే.”

“చెప్తే అలాగే అంటారు. హెడ్మాస్టరుకీ అదే, బ్రోకరుకీ అదే, ఆ కోటుగాడికీ అదే. వాళ్ల వెనక వరసలో నేను నిలబడాలా? షాపులో సగం అడిగి తీసుకున్నా, సరే. ఇది మాత్రం నేనడగను. ఆయన అడగాలి.”

“వాడు ఏదైనా అడగ్గా నేను విన్లేదే తల్లీ. పసిగుడ్డప్పుడు ఆకలేసినా ఏడ్చేవాడు కాదు. నేనే గుర్తుపెట్టుకుని పాలు పట్టాల్సొచ్చేది.”

“అదీ మీ పెంపకం.”

“నేను పెంచితే పెంచా, ముదరబెట్టింది నువ్వు” అని అత్తగారు మళ్లీ గల్లాపెట్టె వైపు తిరిగింది. తిరిగిందే గానీ చేతిలో ఉన్న చిల్లర లెక్కపెట్టలేదు.

బుధవారం వచ్చింది. పాస్‌పోర్టు ఫొటో దిగాలంటే జుట్టు కుదురుగా ఉండాలి కదా. హెడ్మాస్టరు పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చుని, చేతిలో చిన్న పుస్తకం పెట్టుకుని పెదాలు సున్నా చుట్టి ఫ్రెంచి పలుకుతున్నాడు. పక్కన బ్రోకరు వచ్చి కూర్చున్నాడు. చివరన కోటు వచ్చి కూర్చుంది. కుర్చీలో ఎవరో దారిన పోయే మనిషి, గడ్డానికని వచ్చినవాడు, అప్పుడే నురగ పట్టించుకుంటున్నాడు.

“ఏంటి మాస్టారూ, నోరు నొప్పా?” అన్నాడు బ్రోకరు.

“ఫ్రెంచి. శుక్రవారం పేరిస్తున్నాం కదా, సాధన చేస్తున్నా.”

“ఎవరి పేరు?”

“నా పేరే. సలహాదారు హోదాలో.”

“భలేవారే! రెండో పేరు నాది. బోర్డు కూడా రాయించేశాను.”

“రెండో పేరు రక్తసంబంధానికండీ” అన్నాడు తమ్ముడు కోటు కాలరు పైకెత్తి.

“నీకూ ఆయనకీ రక్తసంబంధం ఏంట్రా? ఆయన గడ్డం గీస్తుంటే గాటు పడిందా?” అన్నాడు బ్రోకరు.

మాటా మాటా పెరిగింది. బెంచీ ఒక కాలు లేచి మళ్లీ పడింది. చివరికి ముగ్గురూ ఒకేసారి సెలూన్ ఆయన వైపు తిరిగి, “నువ్వే చెప్పు, ఎవరికి మాటిచ్చావ్?” అన్నారు. ఆయన కత్తి గాల్లో పట్టుకుని ముగ్గుర్నీ వరసగా చూశాడు. చూసి, “అలాగే” అన్నాడు. ఒక్కొక్కరి వైపు తలూపి మరీ అన్నాడు.

కుర్చీలో మనిషి నురగలోంచే, “బాబూ, నా సంగతి తేలిస్తే నేను బస్సందుకుంటా. నాకే ఊరూ వద్దు” అన్నాడు.

అప్పుడు బ్రోకరుకి ఉన్నట్టుండి గుర్తొచ్చినట్టుంది. “అది సరే, మరి వదినగారు...?”

“ఆవిడెందుకయ్యా?” అన్నాడు హెడ్మాస్టరు పుస్తకం మూస్తూ. “ఇద్దరూ వెళ్తే షాపెవరు చూస్తారు? ఆవిడకి ఇక్కడే బోలెడు పని. ఏమంటావోయ్?”

“అలాగే మాస్టారూ.”

తెర కదల్లేదు. దారం చప్పుడు ఆగింది. లోపలున్న గిరాకీ ఎవరో గానీ అదృష్టవంతురాలు, ఆ రోజు ఆవిడ కనుబొమలు ఎలా వచ్చాయో అలాగే వెళ్లాయి. “ఇవాళ నా చేతులు బాగాలేవమ్మా, రేపు కాక ఎల్లుండి రండి” అని పంపించేసింది సెలూన్ ఆవిడ.

గురువారం షాపుకి సెలవు. ఇక్కడే కత్తి సంగతి వస్తుంది, కాస్త జాగ్రత్తగా వినాలి.

ఊళ్లోవాళ్లందరి గడ్డాలూ గీసే ఆ మనిషికి తన గడ్డం తను గీసుకోవడం చేతకాదు. వెనక నిలబడి ఇంకొకరి చెంప గీయడానికి అలవాటు పడ్డ చెయ్యి, తన చెంప దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది. పెళ్లయిన మొదట్లోనే చెంప మీద రెండు గాట్లు పెట్టుకుంటే చూడలేక ఆవిడ కత్తి లాక్కుంది. కత్తి లాక్కోవడమంటూ జరిగిందంటే అప్పుడే, అది కూడా కాపాడటానికి. అప్పట్నుంచీ ప్రతి సెలవు రోజునా షట్టరు సగం దించి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆవిడే గీస్తుంది. వారమంతా దారం కరిచిన పళ్ల వెనక పోగైన కబుర్లన్నీ ఆ కాసేపట్లో బయటపడతాయి. గొంతు మీద కత్తి ఉంటుంది కాబట్టి ఆయన అలాగే అని కూడా అనలేడు. వాళ్ల కాపురంలో హాయైన ఘడియ ఏదైనా ఉందంటే అదే.

ఆ గురువారం మాత్రం ఆవిడ నోరు విప్పలేదు. నురగ పట్టించింది. కుడి చెంప నున్నగా గీసింది. కత్తి తుడిచింది. ఎడమ దవడ కింద ఆనించి, ఆపేసింది. అత్తగారు సెలవైనా అలవాటు చొప్పున స్టూలు మీదే ఉంది, చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

“రేపు పేర్లివ్వాలి” అంది సెలూన్ ఆవిడ.

“అ...”

“ఆ మాట పూర్తి చేశారంటే సగం గడ్డంతోనే రేపు ఏజెంటు ముందు నిలబడతారు.”

ఆయన నోరు మూసుకున్నాడు.

“టిక్కెట్టు ఎవరికి? చెప్పండి. ఇవాళ తేలాలి.”

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు, తన పేరు వెనక డిగ్రీలు కూడా రాయమని గుర్తుచేద్దామని వచ్చి, షట్టరు కింద నుంచి వంగి చూశాడు. ఆయనకి కనిపించింది మెడ, మెడ మీద కత్తి, మొహం మీద తెల్లగా ఏదో. వినిపించింది టిక్కెట్టు. ఇంకేం కావాలి? మోకాళ్ల నొప్పులని పదేపదే చెప్పుకునే మనిషి బేకరీ దాకా ఎలా పరిగెత్తాడో దేవుడికే తెలియాలి. ఇంకొక్క నిమిషం వంగి ఉంటే మిగతాదీ వినేవాడు. అంత ఓపిక ఉంటే ఆయన హెడ్మాస్టరు ఎందుకవుతాడు?

లోపల సెలూన్ ఆయన రెండు వేళ్లతో కత్తిని మెల్లగా పక్కకి జరిపాడు. ఇన్నేళ్లలో అలా జరిపింది అదే మొదలు.

“నాకొద్దు” అన్నాడు.

ఆవిడకి ముందు అర్థం కాలేదు. ఆ గొంతులో ఆ మాట ఎలా ఉంటుందో ఎప్పుడూ విన్న పాపాన పోలేదు.

“ఏం వద్దు?”

“ప్యారిస్. నాకు వెళ్లాలని లేదు. ఎప్పుడూ లేదు. ఆ ఏజెంటు ఇక్కడే కూర్చుని గడ్డం గీయించుకుంటూ, లాటరీలో మీ చీటీ వేయనా అన్నాడు. నేనేమంటాను? తగుల్తుందని కలగన్నానా?”

“మరి వాళ్లందరికీ...”

“హెడ్మాస్టరూ, ఆ బ్రోకరూ ఇద్దరూ వెళ్లిపోతే వీధి ఎంత హాయిగా ఉంటుందో అనుకున్నా. అందుకే అన్నా. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నా.”

అత్తగారు విసనకర్ర అడ్డం పెట్టుకుంది. నవ్వో దగ్గో తెలియలేదు.

సెలూన్ ఆవిడ మాత్రం నవ్వలేదు. “మీకేం కావాలి మరి?” అంది. పెళ్లయిన కొత్తలో అడిగి వదిలేసిన ప్రశ్న అది.

ఆయన కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి కూర్చున్నాడు. నురగ చెవి వైపు కారుతోంది. “ఆ షట్టరు మూసేసి, ఇదిగో, ఇందులో కూర్చోవాలని ఉంది. కొన్నాళ్లు. ఎవరి మాటా వినకుండా” అన్నాడు. అన్నాక, పెద్ద నేరమేదో ఒప్పుకున్నట్టు కళ్లు దించుకున్నాడు.

తర్వాత స్టూలు కిర్రుమంది.

“వాడికొద్దంటే వాడిది నాకివ్వండి” అంది అత్తగారు. “అమ్మాయ్, నిన్నే అడుగుతున్నా. నేనొస్తే తీసుకెళ్తావా?”

“మీరా అత్తయ్యా? అంత దూరం?”

“ఏం, నాకు కాళ్లు లేవా? ఈ స్టూలు దిగి ఎన్నాళ్లయిందో తెలుసా? ఆ టవరూ గివరూ నాకొద్దు. నువ్వు ఆ బొమ్మలో కుర్చీ వంక చూస్తుంటావే, దాని పక్కన ఇంకోటి ఖాళీగా ఉంది. నేనూ చూస్తున్నా కదా ఇన్నాళ్లూ.”

సెలూన్ ఆవిడ గబుక్కున అటు తిరిగి కత్తి కడగడం మొదలుపెట్టింది. కడిగిన కత్తినే మళ్లీ కడిగింది. ఆ తర్వాతే ఎడమ చెంప పని పట్టింది. సగం గడ్డంతో ఎవర్నీ వదిలిపెట్టలేదు. కుట్లు గిట్లు ఏమీ లేవు. కావాలంటే ఎవరైనా వెళ్లి దగ్గర్నుంచి చూసుకోవచ్చు, చెంపలు రెండూ అద్దాల్లా ఉన్నాయి.

శుక్రవారం ఏజెంటుకి ఆడవాళ్ల పేర్లు రెండూ అత్తగారే చెప్పింది. ఆయన టై సర్దుకుని, మా కంపెనీ మగవాళ్ల నురగదండీ అని నసిగాడు. ఆ నురగ తన కొడుక్కి ఎవరు పట్టిస్తున్నారో ఆవిడ విడమరిచి చెప్పాక రాసుకున్నాడు. అసలు గోల ఆ మధ్యాహ్నం మొదలైంది. హెడ్మాస్టరు దూరం నుంచే మెడ వైపు చూసి, గాటు కనిపించక కొంచెం నిరాశపడ్డాడు. అయినా వీధిలో చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు రోజూ వచ్చి అత్తగారికి మ్యూజియం పాఠం చెప్తున్నాడు. ఆవిడ వింటూ వింటూ గల్లాపెట్టె మీద తల వాల్చి నిద్రపోతోంది. బ్రోకరు తన బోర్డు తెచ్చి, ఎలాగూ వెళ్తున్నారు కదా, టవర్ కింద పెద్దమ్మగారు పట్టుకుని నిలబడితే చాలన్నాడు. ‘పెద్దల దీవెనతో మినీ ప్యారిస్’ అని కింద వేయిస్తాడట. తమ్ముడు కోటు అమ్మజూపితే అక్క ఊరికే లాక్కుంది. అది మాత్రం లాక్కోవడమే.

అందరి కబుర్లకీ సెలూన్ ఆయన కత్తెర ఆడిస్తూ అలాగే అలాగే అంటూనే ఉన్నాడు. మనిషి ఒక్క వారంలో మారతాడా? కాకపోతే ఆ మాట అనేటప్పుడు మీసాల కింద చిన్న నవ్వు. వాళ్లు విమానం ఎక్కిన రోజు నుంచి షట్టరు దించేస్తాడు మరి.

మళ్లీ గురువారం వచ్చింది. షట్టరు ఈసారి పూర్తిగా దించి లైటు వేశారు. సెలూన్ ఆవిడ నురగ పట్టించి, రెండు చెంపలూ, గడ్డం కిందా ఎక్కడా ఆగకుండా గీసింది. పెట్టెలో ఏమేం సర్దిందో, అత్తగారు ఏమేం తీసేసిందో చెప్పుకుంటూ పోయింది. అంతా అయ్యాక తువ్వాలు ఆయన మెడలోంచి తీస్తూ, తీస్తూ ఆగింది. పేరు రాసుకోవడం అయిపోయింది, వెళ్లడం ఖాయమైంది, అయినా ముల్లు ముల్లే.

“వీధిలో అందరికీ అలాగే అన్నారు. ఆ కోటుగాడికి కూడా అన్నారు. నన్నొక్కదాన్నీ, వస్తావా అని ఊరికైనా ఎందుకడగలేదండీ?”

ఆయన చెంపలు తడుముకున్నాడు. అద్దంలో ఆవిడ మొహం చూశాడు. అద్దం చాలనట్టు, కుర్చీ తిప్పి తిన్నగా చూశాడు.

“నిన్నడిగితే వస్తానంటావు. నువ్వు వస్తానంటే నేను నిజంగా వెళ్లాలి కదా.”